మామిడిరసం కాని మరక

హలో… ఆ, నేనే, మీ జేజిని. ఫోను చెవికి దగ్గరగా పెట్టుకో భూపేషూ, నా మనవడా. ఒకటి చెప్పల్ల.

ఆ… కారు తుడిచినాలేప్పా. నువ్వు చెప్పిపోయినట్లే. అద్దాలు దించి, తలుపులన్నీ తీసి పెట్టినా… లేదు లేదు, నీళ్లు కుమ్మరించలేదు. లోపల స్పాంజి తడిస్తే కంపు కొడ్తాదని నాకు తెలీదా? బట్ట గట్టిగా పిండి ఒత్తినా. స్విచ్చుల కాడ పొడిబట్టే.

ఆ… ముందర సీటు మరక కూడా.

అది ఏం మరక అంటివి? … మళ్లీ చెప్పు.

మామిడిరసం. బనగానపల్లె నుంచి పండ్లు తెస్తాంటే కారింది… సరే.

దానికి రవ్వంత సబ్బు నురగ పెట్టినా. పెట్టిన చోటల్లా ఎర్రగా తిరిగె! రక్తమేమో అనుకుంటి.

… ఇంగా మామిడిరసమే అంటావా?

అరవై ఏండ్లు పసుపుబట్టలు ఉతికిన చేతులురా ఇవి. సబ్బు తగిల్తే ఎర్రబడేది మామిడిరసం కాదు, పసుపు.

… కారుకు పూజ చేసిన పసుపా? మరి సీటు సందులో అక్షింతలు? కుట్టు పొడుగునా ఇరుక్కోని ఉండాయి. పుల్లతో ఒక్కొక్క గింజ తీసినా.

చెప్పు. ఎవరా పిల్ల?

శివజ్యోతి… గుళ్లో చేసుకుంటిరా. పెండ్లిబట్టల్తోనే కారెక్కితిరా.

… మన కులం కాకపోతే? నేను ఒప్పుకోనని నీకెవరు చెప్పినారు? ఒక్కసారన్నా నన్ను అడిగితివా?

ఎవరెవరు వచ్చినారు?

… మీయమ్మ కూడానా!

నిన్న పొద్దున నా తలకు నూనె పెట్టెరా ఆ యమ్మ. పెడ్తా పెడ్తా ఒక్క మాట…

లేదు. ఏడ్చేదేమీ లేదు.

నువ్వు పుడ్తానే ఎత్తుకున్న చేతులివి. ఈ చేతుల్తోనే నీ పెండ్లి పసుపు తుడిపిస్తివి గదరా, అబద్ధం చెప్పి.

మరక శానా వరకు పోయింది. మిగిలింది ఎండకు పోతాదిలే… గింజలు మాత్రం పారెయ్యలేదు. కొంగున కట్టుకున్నా. అందరూ మీ తలల మీద వేసినారు. నేను యాడ వెయ్యల్ల? ఖాళీ సీటు మీదనా?

… ఇద్దరూ వస్తారా? రాండి. ఈడ తలుపు మీకెప్పుడన్నా మూసినానా?

ఒకటి గుర్తు పెట్టుకో. ఆ పిల్లకు చెప్పు, రేపు మీ బిడ్డలకూ చెప్పు. నా పెండ్లికి జేజిని పిలవలేదు, పసుపు తుడిచేదానికి పిలిచినా అని చెప్పు. ఈ ఒక్కటన్నా ఉన్నదున్నట్లు చెప్పు.

ఫోను పెడ్తాండా.