సూది కొనన చుక్క

ల్యాబులో సాయంత్రమైంది. అక్కడ పనిచేసే ఇద్దరిలో చిన్నామెకి కళ్ళు మూతలు పడుతున్నాయి. సూది కొనన వేలాడే ద్రావకం చుక్క జారి, పరీక్షకొచ్చిన డ్రైవరు మూత్రం సీసాలో కలిసిపోయింది.

"పోయిందక్కా."

"కలిపే వేగం పెంచావా?"

"త్వరగా ఇంటికి పోదామని..."

"మూత్రంలోంచి మందుని లాగేది ఆ చుక్కే కదే తల్లీ! తొందరపెడితే నిలుస్తుందా?"

"డ్రైవరుని మళ్ళీ పోసిమ్మంటే?"

"ఇన్నాళ్ళకి ఒంట్లో ఏం మిగులుతుంది? మత్తుమందో, అతను చెప్పే దగ్గుమందో ఈ మిగిలిన కాస్తే తేల్చాలి. లేకపోతే అతని ఉద్యోగం గోవిందా."

"నువ్వే పట్టక్కా."

"నా చెయ్యి పొద్దుట్నుంచీ వణుకుతోంది. నువ్వే, మెల్లగా."

ఈసారి చుక్క నిలిచింది. దాన్ని మిషనులోకి ఎక్కిస్తే కాసేపటికి ఫలితం చూపింది.

"దగ్గుమందే అక్కా!"

"వెళ్ళి చెప్పు."

"ఫలితం కోసం కూర్చుని బయట బెంచీ మీదే నిద్రపోతున్నాడు, పాపం."

"లేపవే. ఇంటికెళ్ళి ఇంతకంటే బాగా పడుకుంటాడు."