ఇస్సాకు కుక్కల హాస్టల్

నంద్యాల బస్సు దిగిన ఒక పెద్దామె ఆళ్లగడ్డలో వాజిద్ టీ అంగడి ముందర నిలబడి, "ఈడ కుక్కల హాస్టలంట, యాడప్పా?" అని అడిగింది. వాజిద్ నోరు తెరిచేలోపే బెంచీ మీదున్న ఇస్సాకు లేచి నిలబడ్డాడు.

"నాదేనమ్మా! నేనే ఇస్సాకు. కూర్చో, కూర్చో. వాజిద్, అమ్మకు ఒక టీ పొయ్యి."

"షెడ్డు చూపిస్తే చూసి పోతానప్పా."

"చూద్దువులేమ్మా, తొందరేముండాది? ముందు కత తెలిస్తే గదా, చూసేది నీకు అర్థమయ్యేది."

పక్కనే కూర్చున్న ఆటో శాంసన్ వాజిద్ వైపు తిరిగి, "అయిపాయె. ఇంగ పొద్దు మునిగేదంక వదలడు" అన్నాడు. ఆమె బెంచీ చివర కూర్చుంది. ఇస్సాకు మొదలుపెట్టాడు.

"నేను పెద్ద పెద్ద మాటలు చెప్పేటోన్ని కాదమ్మా, జరిగింది జరిగినట్టు చెప్తా. నంద్యాల రోడ్లో మా మామ రేకుల షెడ్డు ఊరికే పడుండె. ఊర్లకు పోయేటోళ్లు కుక్కల్ని యాడ వదలల్లో తెలీక సస్తాండారు గదా, మనమే పెట్టుకుంటే పోలా అనుకుంటి. బోర్డు రాయిస్తి. మొదట వచ్చింది కోయిలకుంట్ల శనగల యాపారి కుక్క. తెల్లగా, దూది మూట మాదిరి. దాంతో పాటు నాలుగు పేజీల కాగితం! పొద్దున ఇది పెట్టల్ల, మద్యాన్నం అది పెట్టల్ల, పండుకునే ముందర దువ్వల్ల. మా నాయన నన్ను ఇస్కూల్లో వదిలిన పొద్దు కూడా 'బాగా కొట్టండి సార్' అని ఒక్క మాట చెప్పి పాయె, అంతే. ఆ కుక్క రెండు దినాలు ముద్ద ముట్టలే. నాకు తల పాణం తోకకొచ్చె. మూడో దినం తిక్క రేగి, నీ కర్మ పో అని దాని ముందరే కూర్చోని జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తింటాంటే, లటుక్కున రొట్టె ఎత్తకపాయె! ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఇంటికి పోయినాక అది జొన్నరొట్టె లేనిదే లేయదంట! ఆ యాపారి ఫోన్ చేసి నన్ను తిట్టె. తినకుంటే తిడతారు, తింటే తిడతారు. కుక్కలతో ఏగొచ్చమ్మా, కుక్కలు గలోళ్లతో ఏగలేం."

"ఇంతవరకు నమ్మొచ్చులే," అన్నాడు శాంసన్.

"నువ్వు రవ్వంత నోరు మూస్కోప్పా. ఆ పేరు యాడికి పాకిందో తెలుసునా? సంజామల, పగిడ్యాల, కర్నూలు! నెల తిరిగేలోపల నలభై కుక్కలు. నలభై ఒకేసారి మొరిగితే ఎట్లుంటాది? పక్క చేని రైతు కట్టె ఎత్తకొచ్చె. కుక్కలన్నిట్నీ వరసగా కూర్చోబెట్టి, 'ఇట్ల కాదు, వంతులేస్కోండి' అని చెప్తి. ఆ పొద్దు నుంచి గంటకు నాలుగు మొరుగుతాయి, మిగతాయి పండుకుంటాయి. పొద్దున్నే హాజరు పిలుస్తా. పేరు పిలిస్తే ఒక్క 'బౌ'. ఒళ్లు బాగలేని కుక్క పేరొస్తే పక్క కుక్క లేచి రెండు 'బౌ'లు. జరమని."

"రెండంటే జరమని నీకెవురు చెప్పిరన్నా?" వాజిద్ గ్లాసు కడుగుతూ అడిగాడు.

"అన్నీ అడుగుతావే! ఇంగ వీడియో కాల్లు చూడమ్మా. 'మా బుజ్జిని చూపియ్యి', 'మా సోనూ ఎందుకు సన్నబడింది', 'మా చిన్నోడు నన్ను తల్చుకుంటాండాడా'... దినానికి నూరు! అన్నం తినేకి లేదు, చెంబు పట్టుకోని పొయ్యేకి లేదు. తిక్క రేగి, ఒక నల్ల కుక్కకు ఫోన్ ఎత్తేది నేర్పిస్తి. ఎవురు చేసినా అదే ముక్కుతో నొక్కి, ఫోన్ నోట కరుచుకోని, ఎవురి కుక్కను వాళ్లకు చూపిస్తాది. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఒకామె నాతో మాట్లాడనంటాది! 'ఫోన్ ఆ నల్లోనికియ్యి, వాడే మర్యాదస్తుడు' అంట!"

పెద్దామె టీ ఊదుకుంటూ నిదానంగా తాగుతోంది. "ఇప్పుడు మొత్తం ఎన్ని కుక్కలప్పా?"

"మూడు వందల పన్నెండు." ఇస్సాకు తడుముకోలేదు.

"ఆ రేకుల షెడ్లోనా!" అన్నాడు శాంసన్.

"మంచం మీద మంచం ఏపించినాలేప్పా. అదట్లుండనీ. చిరతపులి కత ఇనమ్మా. పోయిన నెల, పట్టపగలు, అహోబిలం అడివి దిగి వచ్చి గేటు కాడ నిలబడుండాది. నోట్లో ఒక పిల్ల, పక్కన ఇంగో పిల్ల. నా కుక్కల్లో ఒక్కటంటే ఒక్కటి మొరగలే."

"భయానికా?" అన్నాడు శాంసన్.

"భయమేందప్పా! సరిగ్గా వంతు మారే టయం అది. చిరత పిల్లల్ని నా కాళ్ల కాడ పెట్టి, ముందర కాలుతో నేల మీద మూడు గీతలు గీకె. మూడు దినాలని. నాకు యాడలేని తిక్క రేగె. 'ముందుగాల ఫోన్ చేసి రావల్ల, ఇట్ల గేటు కాడికొచ్చి పడేస్తే ఎట్ల?' అని అరిస్తి. అది తలకాయ దించుకుండె. తల్లి గదా, పోనీలే అని పెట్టుకుంటి. పిల్లలకు మేకపాలు, పెరుగన్నం. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? మూడో దినం, చెప్పిన టయానికి వచ్చి నిలబడె! మనుషులు రెండు దినాలని పోతారు, పదైదు దినాలకొస్తారు. పోతా పోతా గేటు కాడ ఒక జింకను పెట్టి పాయె, మర్యాదకు. నేను ముట్టలేదమ్మా, ఫారెస్టోళ్ల భయం."

శాంసన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వాజిద్ స్టవ్ తగ్గించి, "నీ కోతలకు నా పాలు ఇరిగిపోతాండాయన్నా, ఇంగ సాలించు" అన్నాడు.

"నమ్మకపోతే పోండి. ఇంతవరకు నా కాడ ఒక్క కుక్క తప్పిపోలా. అది చాలమ్మా నాకు."

పెద్దామె ఖాళీ గ్లాసు కింద పెట్టింది. "నంద్యాల ఫణీంద్ర తెలుసునాప్పా నీకు?"

ఇస్సాకు వెంటనే అందుకున్నాడు. "తెలీకేమమ్మా! ఆ యప్ప కుక్క రాణి మన కాడే ఉండాది. బంగారం మాదిరి చూస్కుంటాండా. పొద్దున కూడా ఫోటో పంపిస్తి."

"నేను ఫణీంద్ర వాళ్లమ్మను. లక్ష్మీనరసమ్మ అంటారు."

ఇస్సాకు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మేమంతా పన్నెండు దినాలు కాశీకి పోయింటిమి. రెండో దినమే రాణి నీ షెడ్లోంచి తప్పించుకోని రోడ్డు పట్టె. శిరివెళ్ల కాడ మా చెల్లెలి మొగుడు చూసి, గుర్తుపట్టి, బండ్లో ఏస్కోని వాళ్లింటికి తీస్కపాయె. ఆ పొద్దే మాకు ఫోన్ చేసిరి. నువ్వేమో దినామూ రాణి ఫోటో అని పంపిస్తాండావ్. ఈ పొద్దన్నా నిజం చెప్తాడేమో, రేపన్నా చెప్తాడేమో అని మావాడు కాశీలో దేవున్ని ఇడిసిపెట్టి ఫోన్ చూస్కుంటా కూర్చుండె."

ఆమె ఫోన్లో ఇస్సాకు పంపిన ఫోటో తెరిచి శాంసన్ చేతికిచ్చింది. రాణి ఎర్ర పరుపు మీద ఒక గోధుమ రంగు కుక్క పడుకుని ఉంది.

"అదే రంగుది బాగానే ఎదికి తెచ్చినావు. కానీ మా రాణి ఆడదప్పా. ఇది మొగది."

శాంసన్ ఫోటో పెద్దది చేసి చూశాడు. "మొగదే," అన్నాడు.

ఇస్సాకు బెంచీ మీద కూలబడ్డాడు. అంతసేపు లేచిన గొంతు ఇప్పుడు సరిగా వినపడలేదు. "ఎనిమిది దినాలు ఎదికినానమ్మా. శనగ చేన్లన్నీ తిరిగినా, ఎండకు కళ్లు తిరిగి పడినా గూడా. ఎట్ల చెప్పల్లనో తెలీలా."

"'కుక్క పోయిందమ్మా' అని ఒక్క మాట చెప్పల్ల! చెప్పింటే, దొరికిందని ఆ పొద్దే మేం చెప్పేటోళ్లం గదా! ఊరికే ఎనిమిది దినాలు ఎండలో పడి తిరిగినావు గదప్పా, నిన్నేమనల్ల నేను?"

వాజిద్ అడిగాడు. "మరి ఆ మూడు వందల కుక్కలన్నా?"

"అవేం ల్యావప్పా."

"కోయిలకుంట్ల కుక్క?"

"అదీ ల్యా. ఒకటేనప్పా వచ్చింది, రాణి. అదీ పాయె. ఫోటోలోది ఈది కుక్క."

లక్ష్మీనరసమ్మ సంచి భుజానికి తగిలించుకుని లేచింది. "పా, షెడ్డు చూపియ్యి. రాణి పరుపు, గిన్నె తీస్కపోవల్ల. మళ్లా బస్సు పోతాది."

ఇస్సాకు తల వంచుకుని ముందు నడిచాడు. నాలుగడుగులు వేశాక ఆమె మళ్లీ అంది.

"ఆ మొగ కుక్క పరుపు మీద పండుకోనుంటే దాన్ని లేపొద్దులే. గిన్నె ఒక్కటియ్యి, చాలు."