ముప్పై ఒకటో పేరు

తమిళనాడు గుడియాత్తంలో నేతపనివాళ్ల బిడ్డల కోసం సర్కారు నడిపే క్రెష్. సాయంత్రం అయిదు. పద్నాలుగు నెలలు వెయిటింగ్ లిస్టులో ఉన్న రెండున్నరేళ్ల దేవాకు ఇక్కడ ఇది మొదటి రోజు. తీసుకుపోవడానికి వచ్చిన తల్లి కాంచనను ఆయా చెల్లమ్మ వాకిట్లోనే ఆపింది.

“ఏడ్చినాడా అక్కా? నిజం చెప్పు.”

“లేదు.”

“ఎవురినన్నా కొరికినాడా?”

“లేదంటి గదమ్మా. బువ్వ తిన్నాడు, పండుకున్నాడు.”

“మరి నన్నేంటికి ఈడ నిలబెట్టినావు? చోటు తీసేస్తారా? వారం చూసి, కుదురుకోకుంటే తరవాత పేరుకు ఇస్తామని మేడం చెప్పింది. నా తరవాత పేరు సురేఖది. పొద్దున్నే బిడ్డనెత్తుకోని గేటు కాడ నిలబడింది, చూసినా. ముప్పై ఒకటో పేరక్కా నాది. ఎన్ని తూర్లు తిరిగినా...”

“ఎవురూ తీయలే. ఊరికే ఒక మాట అడగాల.”

“అడుగు.”

“ఇన్నాళ్లూ బిడ్డను ఎవురు చూసుకునిరి?”

“మా అత్త.”

“మీ అత్త జోలార్పేటలో కూతురింట్లో ఉండాది గదా.”

“వస్తా పోతా ఉంటాది.”

“ఆయమ్మ లేనప్పుడు?”

“మగ్గం కాడే ఆడుకుంటాడు. ఏందక్కా, పోలీసు మాదిరి? ఆ నోటుబుక్కులో ఏమన్నా రాస్తావా?”

“పెన్నే లేదు నా చేతిలో. చూడు.”

“మాది గుంత మగ్గం, కాళ్ల కింద నడుంలోతు గుంత. పక్కనే పొయ్యి. వాకిలి దాటితే లారీలు. నేనేం చేసేది?”

“నేనేమన్నా అంటినా?”

“అనలే. నీ మొగమే అంటా ఉండాది.”

“మధ్యానం పిల్లోళ్లు బంతాడినారు. బంతి గోడ కాడికి దొర్లింది. మీవాడు నాలుగడుగులు పోయి నిలబడిపోయినాడు.”

“కొత్త చోటు గదా. బెదురు.”

“ఇంకో రెండడుగుల్లో ఉండాది బంతి. పోరా దేవా, అంటి. కాలు చూసుకున్నాడు. తిరిగొచ్చి కూచున్నాడు. మళ్లీ వేస్తి. మళ్లీ అంతే.”

“వాన్ని పిలువక్కా. ఇంటికి పోతా.”

“ఈడ వాన్ని ఎవురూ కట్టలేదు కాంచనా.”

“మెత్త గుడ్డక్కా. నా పాత చీర. గుంతలో పడతాడని, గుంత కాడికి పోకుండా నాలుగడుగులకు కొలిచి కాలికి కట్టినా.”

“ఏడవాకు. చోటు వానిదే. రేపు తోడుకోని రా. ఈ పూట నుంచి ఇంట్లో గుడ్డ మాత్రం కట్టొద్దు.”

“ఆరు నెలలుగా కట్టనే లేదక్కా. కట్టకున్నా గుంత కాడికి పోడు, బుద్ధిమంతుడైపోయినాడని వీధంతా చెప్పుకుంటి.”