అందరూ చూసే ప్రోటీను బొమ్మ

అనకాపల్లి బెల్లం మార్కెట్ ఎదురుగా టీ కొట్టు. ఒళ్ళో బూడిద గుమ్మడికాయ పెట్టుకుని కూర్చున్న చెరుకు రైతును అతని బావ పలకరించాడు.

"ఏటి బావ, కొత్తిల్లేటైనా కట్టేవా?"

"లేదు. మా అమ్మాయి ధనశ్రీ కంప్యూటర్ మీద కడదామని."

"కంప్యూటర్‌కి గుమ్మడికాయేటి?"

"అది ఏళ్ళ తరబడి కష్టపడి, ఒక ప్రోటీను ఎలగుంటాదో బొమ్మ తయారుసేసింది. తీసికెళ్ళి ఇంటర్నెట్‌లో పెట్టేసింది. జపానోడైనా, జర్మనీవోడైనా ఊరికే సూసుకోవచ్చంట. అన్ని కళ్ళు పడితే దిష్టి తగలదా?"

"ఎవరికీ సూపించొద్దని సెప్పకపోయేవా?"

"సెప్పేను. నవ్వింది. ఆ ప్రోటీను ఎక్కడ మెలికలు తిరిగిందో అందరూ సూత్తేనే, దాన్నెక్కడ పట్టుకోవాలో ఎవడో ఒకడికి తడతాదంట. అప్పుడు మందొత్తాదంట."

"దేనికి మందు?"

"మన సెరుక్కొచ్చే ఎర్రకుళ్ళుకి. ఆ ప్రోటీను ఆ తెగులుదే."

"నీ ఎకరం సెరుకు తినేసిన తెగులుదా?"

"అదే. మిగిలిన ఎకరమైనా దక్కుతాదేమోనని నా ఆశ."

"ఓరి పిచ్చి బావా! అయితే దిష్టి ఎవరికి తగుల్తాది? ఆ తెగులుకే కదా! సూడనీ, లోకమంతా కళ్ళెట్టుకుని సూడనీ!"

రైతు జేబులోంచి ఫోన్ తీసి బొమ్మ తెరిచాడు.

"అయితే ముందు నువ్వే సూడు బావ."

"నాకేటి తెలుత్తాది అందులో?"

"తెలవక్కర్లేదు. పోయినేడాది మా గేదె బాగుందని ఒక్క మాటన్నావు. మర్నాటికి పాలెండిపోయేయి. గట్టిగా సూడు."