టౌనో ఇంటికప్పు మీద వెలుగు

ఉత్తర ధ్రువం దాపున, లాప్లాండ్‌లోని ఆ ఊరి పెట్రోల్ బంకులో, కాఫీ బల్ల దగ్గర టౌనో నోరు విప్పాడంటే అంత తొందరగా మూయడు. ఆ జనవరి పొద్దున మార్తా మాత్రం కోతలు వినడానికి రాలేదు. ఇంటికి సోలార్ పలకలు పెట్టించాలని పంతం పట్టింది. ఇంటికప్పు మీదా, గోడకా అన్నది సాయంత్రంలోగా బిగించేవాడికి చెప్పాలి. తప్పు జరిగితే మళ్ళీ చేయించుకునే స్తోమత లేదు. ఊళ్ళో పలకలున్నది టౌనో ఒక్కడికే మరి.

"మొదట్లో ఏముంది మార్తా, మార్చిలో ఓ కెటిల్ కాఫీ కాచుకున్నానంతే. చలికి పలకలు ఇంకా హుషారుగా పనిచేస్తాయిలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏప్రిల్లో మంచు మీది వెలుగు కూడా తోడై, ఆవిరిగది పొయ్యి దానంతటదే రాజుకుంది. జూన్‌లో సూర్యుడు అస్తమించడాయె, కరెంటు ఆగదాయె, తీగల్లో పట్టక పాల క్యాన్లలో పట్టుకున్నా."

"మూతలు పెట్టావా?" అన్నాడు బంకు నడిపే ఆర్వో, కాఫీ పోస్తూ.

"పెట్టకపోతే కారిపోదూ?"

సూర్యుడు మొహమే చూపించని డిసెంబరు సంగతేమిటని మార్తా పట్టుబట్టి అడిగింది.

"అసలు పంట అప్పుడే. వెన్నెల చాలు. ఆకాశంలో ధ్రువకాంతి ఆడిన రోజు నా కరెంటు ఎదురు పోయి, ఆనకట్ట దగ్గర యంత్రాలు వెనక్కి తిరిగి, నది ఎగువకి పారింది. ఏటికెదురీదే సాల్మన్ చేపలు ఈదే పని లేకుండా పైకొచ్చేశాయి. అయితే ఊరికే రాదు, కష్టపడాలి. తెల్లారగానే నిచ్చెనెక్కి, పలకల మీద మంచు రవ్వంత లేకుండా తుడుస్తా. ఈ చలికాలం ఒక్కరోజు మానలేదు. కళ్ళు మూసుకుని కప్పు మీదే పెట్టించు."

మార్తా చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది.

"టౌనో, పొగగొట్టం ఊడవడానికని మొదటి మంచు పడకముందే నీ నిచ్చెన తెచ్చుకున్నాను కదయ్యా. ఇప్పటికీ మా కొట్టం గోడకే ఉంది. నువ్వు అడగనూ లేదు."

ఆర్వో నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. టౌనో ఖాళీ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. మార్తాకి కోపం రాలేదు, గుండెల మీంచి బరువు దిగింది.

"నువ్వే ఎక్కని కప్పు నేనేం ఎక్కుతాను? నావి గోడకే. నేల మీద నిలబడి చీపురుతో మంచు దులుపుకుంటా."

సాయంత్రం దాకా ఆగలేదు, అక్కడే బిగించేవాడికి ఫోను చేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి టౌనో వైపు చూసింది.

"కప్పు మీంచి దించి గోడకి మార్చాల్సిన ఇల్లు ఇంకొకటి ఉందని చెప్పనా?"

టౌనో కిటికీలోంచి తన ఇంటివైపు చూశాడు. కప్పు మీద మూరెడు మంచు.

"చెప్పు," అన్నాడు.