మెండోర దాకా ఇనవడ్డ గంట

బడి అటెండరు వీరస్వామి ముచ్చట చెప్తుంటే సగం చెప్పులిడిసిన కాడ్నే ఇడిసిపెట్టి, మిగిలిన సగమే ఇంట్లకు తీసుకపోవాలంటరు ఎడపల్లి దిక్కు. అయినా ఆయనొచ్చి కూసుంటే పొద్దు తెల్వది. అందుకే ఆ దినం పగటీలి ఖాసింబీ అరుగు మీద బీడీలు చుట్టే ఆడోళ్లు జరిగి ఆయనకింత జాగ ఇచ్చిన్రు.

ఎంబడి వచ్చిన యేసమ్మ మాత్రం కూసోలే, దర్వాజ పక్కన ఒదిగి నిలవడ్డది. బడి పిల్లలకు అన్నం వండేది ఆమెనే. కరోనాకు మూతవడ్డ బడి ఏడాదిన్నరకు అన్ని తరగతులకు తెరిచి వారం దాటింది. ఒక్కొక్కలే అందరు పిల్లలొచ్చిన్రు, ఖాసింబీ మనుమరాలు రిజ్వానా ఒక్కతే రాలే. బడి మూసిన్నాడు ఆ పిల్ల ఐదోది, ఇప్పుడు ఏడోదిల కూసోవాలె. కూసున్నదేమో అవ్వ పక్కన, ఒళ్లె తునికాకు పెట్టుకొని. ముసలామె ఏళ్లు కొంకర్లు వోయి కత్తెర ఆడుతలేదు. పిల్ల ఆకు కత్తిరిస్తెనే అవ్వ బీడీ చుడ్తది. ఎట్లన్న జేసి అవ్వను ఒప్పించి రమ్మని బడి పెద్దసారు మల్లికార్జున్ ఇద్దర్ని తోలిచ్చిండు. వీరస్వామి పోంగనే బతిమాలుతడనుకున్నది యేసమ్మ. ఆయన చాయ తాగి, మూతి తుడుసుకొని, కోతలు షురూ చేసిండు.

మొదలు చిన్నగనే మొదలైంది. బడి తెరిచిన పొద్దు తొమ్మిది మందే వచ్చిన్రట, సారు వరండల నెత్తి పట్టుకొని కూసున్నడట.

"ఫికర్ చెయ్యకు సారూ, నేనుండంగ అని చెప్పి గంట కాడికి వోయిన. మన గంట ఎరికే గద, నిజాం కాలం నాటి రైలు పట్టా ముక్క. ఒక్క దెబ్బ ఏసిన. గట్టిగ గూడ కాదు, దుమ్ము దులిపినట్టు. ఊరి ఆఖరింట్ల ముసుగు తన్ని పండుకున్న పోరగాళ్లు లేసి, ఒక చెప్పు కాలుకు, ఒక చెప్పు చేతుల, ఉరుకుడే ఉరుకుడు. రెండో దెబ్బకు ఏమైందో ఎరికేనా?"

రెండో దెబ్బ మోస్రా దాకా వోయిందట. ఆడ బర్లు కాసే పిల్లలు కట్టెలు పారేసి ఉరికొస్తుంటే బర్లు గూడ ఎంటవడ్డయట, వచ్చి ప్రార్థనల లైను కట్టి నిలవడ్డయట, జనగణమన అయ్యేదాక ఒక్కటంటే ఒక్కటి తోక ఊపలేదట. కాని మాస్కులు లేవని సారు వాటిని లోపటికి రానియ్యలేదట.

"పాపం, అంత దూరం నడిసొచ్చినయి," అన్నది సువర్ణ, బీడీకి దారం సుడుతూ.

"నేను గదే అన్న సువర్ణా. ఇంటె గద ఆయన. రూలంటే రూలన్నడు."

మూడో దెబ్బ ఏడనో దూరమున్న మెండోర ముట్టింది. ఆడ ప్రాజెక్టు నీళ్లల్ల గాలమేసిన పోరడు, చేప నోట్ల గాలం ఉండంగనే ఇడిసి ఉరికిండట. ఆ చేప ఎంత బుద్ధిమంతురాలో, కాలువ ఎంబడి ఈదుకుంట వచ్చి గాలం కట్టె బడి గేటు కాడ అప్పజెప్పి పోయిందట. అదే ఊపుల మోత గోదావరి దాటింది. మహారాష్ట్ర పిల్లలు పలకలు పట్టుకొని ఒడ్డుకొస్తే గోదావరి ఇంత జరిగి తొవ్వ ఇచ్చిందట. వాళ్లకు తెలుగు రాదు, సారుకు మరాఠీ రాదు. లెక్కలయితే అందరికి ఒక్కటే గదా అని వీరస్వామే రెండో ఎక్కం చెప్పిచ్చిండట. మోతకు తొవ్వ పొంటి చెరుకు దానంతటదే ఆకు రాల్సుకొని, కొట్టుకోండ్రని నిలవడ్డదట.

దర్వాజ కాడ యేసమ్మకు ఫికరు పట్టుకున్నది. ఆయన ఎంత మీదికి ఎక్కిస్తె అసలు ముచ్చట అంత కిందికి వోతున్నది. ఖాసింబీ చాయ అయితే వోసింది, ఇగ మంచిది వోయి రాండ్రి అంటది. మల్లొకసారి ఎవరొస్తరు? కాని రిజ్వానా దిక్కు చూస్తే, కత్తెర ఆగి ఉన్నది. సగం కోసిన ఆకు చేతుల్నే ఉన్నది.

"ఆఖరి ముచ్చట ఇను అవ్వా. పిల్లలంత వచ్చిన్రు, కాని కరోనా పోలే. ఐదో తరగతిల ఎనక బల్ల మీద కూసున్నది. డాక్టర్లు చెప్పిన్రు, ఇనలే. సూదులేసిన్రు, జరిగి కూసున్నది. నేను ఆలోచన చేసిన. వోయి లాంగ్ బెల్ కొట్టిన. బడి ఇడిసిన్రనుకొని సంచి సదురుకొని ఇంటికి వోయింది. గింతే దాని కత."

అరుగంత నవ్వింది. రిజ్వానా చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నది. ఖాసింబీ ఒక్కతే నవ్వలే. బీడీ మూతి మలిసి, చాటల ఏసి, తలెత్తింది.

"నా ఇల్లు బడి గోడకు ఆనుకొని ఉన్నది వీరస్వామీ. మెండోరకు ఇనవడ్డది నాకెందుకు ఇనవడలే?"

"దీపం కిందనే గదా అవ్వా చీకటి. గంట కింద గూడ గంతే."

"గంట ఏడున్నది బేటా? మొదటి లాక్‌డౌన్లనే దొంగలు ఎత్తుకపోయిరి. అది పోయిన పొద్దు నువ్వు గిదే అరుగు మీద కూసోని కండ్లల్ల నీళ్లు పెట్టుకోలేదా? నేను వోసిన చాయ సల్లారిపాయె, నువ్వు ముట్టకపోతివి."

వీరస్వామి చేతుల గ్లాసు దిక్కు చూసుకున్నడు.

"నువ్వు కొట్టింది యేసమ్మ కాడి అన్నం ప్లేటు. గరిటె తోని. పోయిన వారం వానల ఇల్లిల్లు తిరిగినవ్. బురదల చెప్పు తెగితే చేతుల పట్టుకొని తిరిగినవ్. బర్లు రాలే, చేపలు రాలే. పిల్లలు నువ్వు వోయి పిలిస్తే వచ్చిన్రు. మా వాకిట్లకు మూడుసార్లొచ్చినవ్. తలుపెనక నిలవడి మూడుసార్లు ఇన్న. ఇనరానట్టే ఉన్న."

వీరస్వామి గ్లాసు కింద వెట్టి లేసి నిలవడ్డడు. ఇన్నేండ్లల్ల ముచ్చట ఒడువక ముందే ఆయన లేసుడు యేసమ్మ చూసింది అదే మొదటిసారి. ఆయన పరువు గిట్ల అరుగు మీద పడి ఉంటే ఆమె పానం ఒప్పలే. నలుగుట్ల ఎన్నడు పెదవి ఇప్పనిది, కొంగు ఏలుకు సుట్టుకుంట అన్నది.

"అవ్వా, ఐదోది అయినంక మా అమ్మ నన్ను గూడ ఇంట్లనే కూసోవెట్టింది. నా కోసం ఎవ్వలు ఒక్కసారి గూడ ప్లేటు కొట్టుకుంట రాలే."

ఖాసింబీ చెయ్యి సాపి మనుమరాలి చేతులకెల్లి కత్తెర తీసుకున్నది. ఒక ఆకు పట్టుకొని మెల్లగ కత్తిరించింది. వంకర వోయింది. పక్కన వెట్టి ఇంకోటి తీసుకున్నది. అది గూడ వంకరనే, కాని జర నయం. రిజ్వానా ఉత్త చేతులు ఒళ్లె పెట్టుకొని అవ్వ మొకం దిక్కే చూస్తున్నది.

"ఆ ప్లేటు సొట్టలు వోయిందా యేసమ్మా?" అని అడిగింది ఖాసింబీ, ఆకు మీదికెల్లి చూపు తియ్యకుండ.

"బాగ వోయింది అవ్వా. పప్పు ఏస్తే ఒక దిక్కే నిలుస్తది."

"నిలవనియ్. రేపు నా మనుమరాలికి దాంట్లనే పెట్టు."