గెలిస్తేనే మోగే గంట

లాస్ వేగాస్. శుక్రవారం ఉదయం పదింబావు. హోటల్ లిఫ్టుల దగ్గర్నుంచి సమావేశాల హాలుకు వెళ్ళే దారి. కేసినో భద్రతాధికారి లైల్, అయోవా నుంచి వచ్చిన ప్రోగ్రామర్ నడీన్.

"ఇటు కాదమ్మా, ఇటు. అటు వెళ్తే మళ్ళీ జూదం మెషిన్లలోకే తేలతారు."

"ఇది మూడోసారి లైల్ గారూ. కాఫీ కోసం దిగాను, అంతే. ఇరవై నిమిషాలుగా తిరుగుతున్నాను. ఒక్క గడియారం లేదు, ఒక్క కిటికీ లేదు."

"కట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. గదికెళ్ళాలన్నా, తిండికెళ్ళాలన్నా, మీ టెక్నాలజీ సభకెళ్ళాలన్నా వీటి మధ్య నుంచే. ఎలా ఉంది మా ఊరు? మొదటిసారి అన్నారుగా."

"నిజం చెప్పనా?"

"చెప్పండి. ఇక్కడే పుట్టినవాణ్ణి, నాకేం నొప్పి పుట్టదు."

"నిన్న సాయంత్రం విమానంలోంచి చూసి అబ్బ అనుకున్నాను. ఎడారిలో ఎవరో నగలపెట్టె తెరిచి పెట్టినట్టుంది. దిగాక... సిగరెట్ పొగ, దాని మీద చల్లిన సెంటు. పొద్దున్నే ఇంతమంది. ఎవరూ నవ్వరేమిటి? ఇందాక ఒకావిడ గెలిచింది, ఆవిడా నవ్వలేదు."

"నవ్వాలంటే మెషిన్ మీంచి చూపు తిప్పాలి కదా."

"అందరి చొక్కాలకీ ఆ మెలికల తాడేమిటి?"

"సభ్యత్వ కార్డు. ఈ కొస మెషిన్లో, ఆ కొస చొక్కాకి. మర్చిపోకుండా. ఎవరెంత ఆడారో దాన్లో చూసే ఫ్రీగా భోజనాలవీ పెడతాం."

"గుంజకి కట్టేసిన దూడల్లా ఉన్నారు."

"వేదిక మీద ఆ మాట అనకండి. వినేవాళ్ళంతా కేసినోలవాళ్ళు, గుంజలు పాతినవాళ్ళే."

"విప్పుకుని పోతామన్న దూడల్ని పోనివ్వండి అని చెప్పడానికేగా వచ్చాను."

"పదకొండింటికేగా ప్రసంగం? భయమేస్తోందా?"

"మూడేళ్ళ పని. మీ కంట్రాక్టు వస్తే మా ఎనిమిదిమందికీ ఉద్యోగాలుంటాయి, లేకపోతే లేవు. అయినా భయం దానికి కాదు. ఈ ఊళ్ళో కాలు పెట్టనని ఒట్టేశాను."

"ఎవరికి?"

"మా అక్కకి. వెర్నా. ఇక్కడికి రెండు గంటల దూరం, కింగ్‌మన్‌లో స్కూలు బస్సు నడుపుతుంది. ఒకప్పుడు ఇక్కడ... సర్లెండి."

"ఆడేదా?"

"అమ్మ ఇచ్చిన ఇల్లు పోయింది. బావ వదిలేసి పోయాడు. అయిదేళ్ళ కింద మీ దగ్గరే సంతకం పెట్టింది, 'నేనొస్తే నన్ను బయటికి పంపెయ్యండి' అని. ఫోన్లో నేనున్నాను. ఏడుపు, ఏడుపు. 'నువ్వు వెళ్ళకు, నేనసలా ఊరే చూడను' అన్నాను. అందుకే ఈ ప్రోగ్రాం రాశాను. సంతకం పెట్టినవాళ్ళ ముఖాలు వేలు. తలుపు దగ్గర మనిషికి గుర్తుండవు, కెమెరాకి గుర్తుంటాయి, చూడగానే మీకు గంట కొడుతుంది."

"మానేసిందా మరి?"

"పూర్తిగా. శుక్రవారం వాళ్ళకి బడి ఉండదు. చర్చిలో ఆడవాళ్ళతో కలిసి బొంతలు కుడుతుంది. నాకూ ఒకటి కుడతానంది. రెండేళ్ళయింది, ఇంకా అవుతూనే ఉంది. సరే, మీ కేసినోలో దీన్ని పెట్టి చూసిన మూడు నెలల పరీక్ష వివరాలు చెప్పండి, వేదిక మీద చదవాలి. ఎంతమందిని పట్టింది?"

"నలభై మూడు. ఒక్కటీ తప్పు పోలేదు. మా పైవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు."

"నలభై మూడు! అందర్నీ బయటికి పంపారు!"

"నలభై ముగ్గుర్ని గుర్తుపట్టింది అని చదవండి, చాలు."

"పంపారుగా?"

"ముగ్గుర్ని."

"మిగతావాళ్ళు?"

"చూడండమ్మా, అది పైవాళ్ళ..."

"మిగతావాళ్ళు లైల్ గారూ?"

"ఆడుకుంటున్నారు."

"తలుపు దగ్గరే గంట మోగాలిగా!"

"మీ ప్రోగ్రాంలో ఒక గడి ఉంది. 'వెంటనే చెప్పొద్దు' అని. దానికి టిక్కు పెట్టుకున్నారు."

"అది మొదటి వారానికి! తప్పుడు గంటలు మోగి గోలవుతుందని మీరడిగితే పెట్టాను!"

"పెట్టారు. బాగా పనికొచ్చింది."

"మరి ఆ ముగ్గుర్నీ ఎందుకు పంపారు?"

"హాలు వచ్చేసింది. లోపలికి వెళ్దాం."

"ఎందుకు పంపారు?"

"గెలిచారు."

"గెలిస్తే?"

"సంతకం పెట్టినవాళ్ళు గెలిస్తే ఇవ్వక్కర్లేదు. ఆ కాగితంలోనే ఉంది. ఓడినంతసేపూ మాకు తెలియదు. గెలిస్తే అప్పుడు గుర్తుపడతాం. నన్నలా చూడకండి, నేను జీతగాణ్ణి."

"గెలిస్తేనే గంట."

"గెలిస్తేనే."

"'మమ్మల్ని ఆపండి' అని సిగ్గు విడిచి రాసిచ్చిన కాగితమయ్యా అది! నేను చెబుతాను. పదకొండింటికి వేదికెక్కి ఇదే చెబుతాను."

"చెప్పండి. మీ ఎనిమిదిమందీ రోడ్డున పడతారు. ఆ గడి ఇంకొకడు రాసిస్తాడు."

"పడనివ్వండి. ఆ నలభైమంది ఫొటోలున్నాయా?"

"ఈ ట్యాబ్లెట్‌లో ఉన్నాయి. ఎందుకు?"

"చూడాలి. ఎవరి గురించి మాట్లాడుతున్నానో చూడాలి."

"ఊఁ. ఈయన రిటైరైన టీచరు. ఈ అమ్మాయి నర్సు. ఈవిడ... ఏమైంది? అమ్మా? ఇలా కూర్చోండి."

"ఈవిడ..."

"ఈవిడా? నెమ్మది మనిషి. శుక్రవారం శుక్రవారం బస్సులో వస్తుంది. పేరు బయటపడకూడదని కార్డు పెట్టదు, తాడుండదు. అయినా ఫలహారం మేమే పంపిస్తాం. మీకు తెలుసా?"

"ఇవాళ వచ్చిందా?"

"ఇందాక చూశాను. మీకు..."

"ఉష్. మాట్లాడకండి. ఫోనెత్తు, ఎత్తు... హలో, అక్కా?"

"నడీన్! ఈ వేళప్పుడు చేశావేమిటే? ఆఫీసు లేదూ?"

"ఊరికే. ఎక్కడున్నావక్కా?"

"శుక్రవారం ఎక్కడుంటాను? చర్చిలో. నీ బొంతే. నీలం అంచు వేస్తున్నా. గట్టిగా మాట్లాడు, ఇక్కడంతా ఒకటే గోల."

"అక్కా, సూది అక్కడ పడేసి బయటికి రా. ఇప్పుడే. నేను తిట్టను. ఒట్టు, ఒక్క మాట అనను. లేచి వచ్చెయ్ అంతే."

"ఏమైందే? ఏడుస్తున్నావా? వస్తాలే, ఇదొక్కటీ... ఇదొక్కటీ అయ్యాక... అయ్యో! అయ్యో దేవుడా!"

"అక్కా? అక్కా!"

"నడీన్ గారూ."

"ఉండండి!"

"నడీన్ గారూ, ట్యాబ్లెట్ మోగుతోంది. మీ గంట."

"ఆపండి! ఇటివ్వండి, నేను రాసిందాన్ని నేనే ఆపేస్తాను."

"ఆపినా లాభం లేదమ్మా. మావాళ్ళు ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయారు."

"మీరు చెబితే వింటారు. లైల్ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా మాట ఎవడు వింటాడు?"

"నడీన్! ఉన్నావా? నేను చర్చిలో లేనే. తర్వాత తిట్టు, ఇప్పుడు విను. గెలిచానే! అమ్మ ఇల్లు మళ్ళీ కొనొచ్చు. నవ్వాగట్లేదే నాకు. ఇద్దరబ్బాయిలు వచ్చారు, ఎంత మర్యాదగా ఉన్నారో. పేరు అడుగుతున్నారు. చెప్పనా?"